ఆఖరి గల్లీ పడవ

మే 13, మంగళవారం

ఈ డైరీ జనవరిలో బేరింగుల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారు. ఇన్నాళ్ళూ షాపులో మిక్సీ జార్ల కింద పడి ఉంది. ఈ రోజు నుంచి దీనికి పని పడింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో రాయలేనివన్నీ ఇందులో రాస్తాను. గ్రూపులో రాస్తే అధ్యక్షుడు జోగారావు గారు వెంటనే రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. ఆ బొమ్మ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సంగతి ఏమిటంటే, పడవ అమ్మేస్తారట.

నిన్న మీటింగులో తీర్మానం చదివారు. "స్టార్టవని ఇంజను ఉన్న పడవ, ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటేనండి. పడవ పెట్టిన గది ఖాళీ అయితే పిల్లలకి జిమ్ పెట్టుకోవచ్చు" అన్నారు జోగారావు గారు, ఎంతో మర్యాదగా. పై గల్లీలవాళ్ళు తలలూపారు. ఊపరూ మరి! చెరువు అలుగు పోస్తే నీళ్ళు వచ్చేది వాళ్ళ ఇళ్ళలోకి కాదు. మీర్‌పేట్‌లో మా కాలనీ మొత్తానికీ పల్లం మా ఆఖరి గల్లీ. ఇరవై రెండు ఇళ్ళు. ఒక ఏడు నడుము లోతు, ఒక ఏడు గొంతు లోతు. అందుకే కదా, మూడేళ్ళ కింద అందరం తలా ఇంత వేసుకుని ఫైబర్ పడవా, దాని వెనక తగిలించే సెకండ్ హ్యాండ్ ఇంజనూ కొన్నది.

లేచి నిలబడి, ఇంజను నేను బాగు చేస్తానన్నాను. జూన్ 8 ఆదివారం వరకు గడువు ఇచ్చారు. ఆ రోజు చెరువులో, అందరి ముందు, మూడుసార్లు తాడు లాగేలోపు స్టార్టు కావాలి, పది నిమిషాలు ఆగకుండా నడవాలి. లేదంటే ఇబ్రహీంపట్నం దగ్గర చేపల చెరువు ఆయన వచ్చి పడవ పట్టుకుపోతాడు.

మూడెందుకు, రెండుసార్లు చాలన్నాను. అన్నందుకు నాకేం బాధ లేదు.

మా నాన్న జానయ్య నల్గొండ పల్లెల్లో ఆయిల్ ఇంజన్లు విప్పి బిగించేవాడు. పదేళ్ళప్పుడు నా చేతికి స్పానరు ఇచ్చాడు. చంపాపేట్ రోడ్డు మీద పద్నాలుగేళ్ళుగా షాపు నడుపుతున్నాను. మోటార్లు, మిక్సీలు, జనరేటర్లు. అలాంటిది ఈ ఒక్క ఇంజను నాకొక లెక్కా?

మే 14, బుధవారం

ఇంజను షాపుకు వచ్చింది. ఆటో సీటు మీద దుప్పటి పరిచి దాన్ని పడుకోబెట్టి, పక్కన మా ఆయన మహిపాల్‌ని కూర్చోబెట్టి తెచ్చాను. ఆయన నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. ఊరికి నీళ్ళు మోసేవాడికి నీళ్ళల్లో ఊరిని మోసే పెళ్ళాం దొరికిందని ఆటో అతనికి చెప్పి నవ్వించాడు.

పెట్రోలు ట్యాంకు తేలేదు. ఖాళీ చేసి ఇంట్లో దేవుడి అలమార పక్కన పెట్టి ఉంటుంది, ఎప్పటిలాగే. రిపేరు ఇంజనుకు కానీ డబ్బాకు ఏముంటుంది?

మే 16, శుక్రవారం

ప్లగ్గు కొత్తది వేశాను. కార్బొరేటరు విప్పి, కడిగి, పెట్రోలు చిమ్మే జెట్టు రంధ్రాన్ని సన్నని తీగతో పొడిచి మళ్ళీ బిగించాను. లోపల చెత్త కనబడితే ఫొటో తీసి తిరుపతి మొహాన కొడదామనుకున్నాను. అద్దంలా ఉంది. కావాలనే శుభ్రంగా పెట్టి ఉంటాడు.

తిరుపతి దిల్‌సుఖ్‌నగర్ మెకానిక్కు. ఇలాంటి చిన్న ఇంజన్లే చూస్తాడు. పోయిన ఆగస్టులో ఈ కార్బొరేటరు చేసింది ఆయనే. పది రోజులకు, సెప్టెంబరు వరదలో, ఇంజను నీళ్ళ మధ్యలో ఆగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ రోజు పడవలో పూలమ్మత్త ఉంది. అది ఇప్పుడు రాయను.

డూప్లికేటు సామాను వేసి మోసం చేశాడని గ్రూపులో నేనే పెట్టాను, ఆయన షాపు ఫొటోతో సహా. అది నాలుగు కాలనీల గ్రూపుల్లో తిరిగింది. ఆయన ఒకసారి వచ్చి ఇంజనులో ఏ లోపమూ లేదని చెప్పబోయాడు. గేటు దగ్గర నుంచే పంపించేశాను. సిగ్గుపడాల్సింది ఆయన, నేను కాదు.

మే 17, శనివారం

కర్మన్‌ఘాట్ గుడికి వెళ్ళొచ్చాను.

ఈ అలవాటు మొదట నాది కాదు, పూలమ్మత్తది. మా పక్కిల్లు. ఇరవై ఏళ్ళు ఆ గుడి ముందు కూర్చుని దండలు అమ్మింది. పడవ ఇంజను వచ్చిన రోజే ఆకులో హనుమంతుడి సింధూరం తెచ్చింది. "ఆయన గాలి కొడుకు బిడ్డా. మిషన్లకు గాయన్ను మించినోడు లేడు. ట్యాంకుకు పెట్టు" అంది. అప్పటి నుంచి ప్రతి మంగళవారం, ప్రతి శనివారం బొట్టు పెడుతున్నాను. నూనెతో కలిపిన సింధూరం, వేలికి అంటితే సబ్బుకు కూడా పోదు.

ట్యాంకు అసలు మూత కొన్నప్పుడే పగిలి ఉంటే పాత జనరేటరు మూత వేసింది నేనే. దాని నడిమధ్యన చిన్న గుంట ఉంది, బొట్టు కోసమే చేసినట్టు. పాత బొట్టు తుడవకూడదని అత్త చెప్పింది కాబట్టి దాని మీదే కొత్తది పెడతాను. అత్త మంచాన పడ్డాక నేనే వెళ్ళి తెస్తున్నాను. ఒక్క వారం కూడా తప్పలేదు.

నాకేం భక్తి ఎక్కువ కాదు. అది భక్తి కాదు, భయం అంటాడు మహిపాల్. దేనికి భయం?

మే 19, సోమవారం

షాపు ముందు డ్రమ్ము నిండా నీళ్ళు నింపి, ఇంజను అంచుకు తగిలించాను. గోడ మేకుకు ఖాళీ సెలైన్ సీసా వేలాడదీసి, ఆయిలు కలిపిన పెట్రోలు పోసి, పైపు కలిపాను. రెండో లాగుకే అందుకుంది. నలభై నిమిషాలు ఏకధాటిగా నడిచింది. నేను ఆపితేనే ఆగింది. టీ కొట్టువాళ్ళు, బట్టల షాపు అమ్మాయిలు బయటికి వచ్చి చూశారు. గ్రూపులో వీడియో పెట్టాను. జోగారావు గారు చేతులు జోడించారు.

రేపు మంగళవారం, మంచి రోజు. చెరువులో చూస్తాను.

మే 20, మంగళవారం

ఆగింది.

తొమ్మిది లాగులకు స్టార్టయింది. ఆరు నిమిషాలు నడిచి, ఆయాసపడి, ఆగింది. ఆ తర్వాత ఇరవై సార్లు లాగినా ఉలుకూ పలుకూ లేదు. పైపు మధ్యలో అరచేతిలో పట్టేంత రబ్బరు బుడ్డి ఉంటుంది, దాన్ని పిసికితే పెట్రోలు ఇంజనుకు ఎక్కుతుంది. అది చప్పిడిగా అతుక్కుపోయి ఉంది. పెట్రోలు అయిపోయిందేమోనని మూత తీసి చూశాను. సగానికి పైనే ఉంది. మూత పెట్టి, బొట్టు మీద చెయ్యి ఆనించి దండం పెట్టుకుని లాగితే ఒక్క లాగుకే అందుకుంది. మళ్ళీ ఆరు నిమిషాలు. మళ్ళీ మూత తీసి చూసి, మూత పెట్టి, దండం పెట్టి లాగితే స్టార్టయింది.

ఆ సెప్టెంబరులోనూ అంతే, దండం పెట్టుకున్నాకే స్టార్టయింది. మొక్కు లేకపోతే అసలు నడిచేదే కాదు.

మే 21, బుధవారం

రబ్బరు బుడ్డిదే తప్పు. కొత్తది తెచ్చాను.

మే 23, శుక్రవారం

కొత్త బుడ్డి కూడా అతుక్కుపోయింది. డూప్లికేటు అంటగట్టాడు షాపువాడు. ఈ ఊళ్ళో నిజాయితీగా సామాను అమ్మేవాడు ఒక్కడూ లేడు.

మే 25, ఆదివారం

పూలమ్మత్తను చూసొచ్చాను. వారం వారం వెళ్తాను కానీ ఎక్కువసేపు కూర్చోను, షాపు పని ఉంటుంది. ఈ రోజు ఆదివారం, షాపు లేదు, వంకా దొరకలేదు.

కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంటుంది. మాట ఒక్కొక్క ముక్కగా వస్తుంది, కొన్ని రావు. ఎడమ చేత్తో మల్లెలు గుచ్చడం నేర్చుకుంటోంది. దారం పంటితో పట్టుకుంటుంది. దండ వంకరగా వచ్చింది. నా తలలో పెట్టింది. వాళ్ళ అమ్మాయి రాణి టీ ఇచ్చి, నా మొహం చూడకుండా లోపలికి పోయింది. రాణి ఎల్బీనగర్‌లో బట్టల షోరూములో పని చేసేది. ఇప్పుడు తల్లిని చూసుకుంటూ ఇంట్లోనే ఉంటోంది.

సరే, రాస్తాను. ఎన్నాళ్ళని దాటేస్తాను?

సెప్టెంబరులో మొదటి ఆదివారం, పొద్దున్న ఏడింటికి. గల్లీలో నీళ్ళు ఛాతీ దాకా. అత్త మూతి వంకరపోయి మంచం మీద ఒరిగిపోయిందని రాణి మేడ మీద నుంచి కేకేసింది. మహిపాల్‌తో పడవ తీసుకెళ్ళి తల్లీకూతుళ్ళను ఎక్కించుకున్నాను. ఎల్బీనగర్ వెళ్ళే రోడ్డు మీద అంబులెన్సు నిలబడి ఉంది. పడవ మీద పది నిమిషాల దూరం. ఇంజను మధ్యలో ఆగింది. తాడు లాగీ లాగీ నా అరచెయ్యి చీరుకుపోయింది. ఉన్న ఒక్క తెడ్డుతో ఎదురు నీళ్ళలో పడవ అడుగు కదల్లేదు. స్టార్టయింది, ఆగింది. స్టార్టయింది, ఆగింది. చివరికి మహిపాల్, రాణి గొంతు లోతు నీళ్ళలో దిగి తాడు కట్టి లాగారు. గంటన్నర పట్టింది. దవాఖానలో డాక్టరు చేతి గడియారం చూసి, ఇంకో గంట ముందు తీసుకొచ్చి ఉంటే చెయ్యి, మాట దక్కేవన్నాడు. రాణి నా వైపు చూసింది. నేను ఇంజను చేసినవాణ్ణి తిట్టాను.

అంతే. రాశాను. దీనివల్ల నా మనసు తేలికేమీ పడలేదు.

మే 27, మంగళవారం

గుడికి పోయి సింధూరం తెచ్చి ఈసారి పెద్ద బొట్టు పెట్టాను. గుంట నిండా దట్టించాను.

మూడే నిమిషాల్లో ఆగింది.

మే 28, బుధవారం

తిరుపతి దగ్గరకు పొమ్మంటాడు మహిపాల్. "ఆయన చూసిన ఇంజను, ఆయనకెరుక ఉంటది. జర తగ్గితే ఏం పోతది నీకు?" అన్నాడు. ఛస్తే పోను. పడవ పోతే పోనీ, చేపల చెరువులో తిరగనీ. ఆ మనిషి గడప మాత్రం తొక్కను.

మే 29, గురువారం

పోయాను.

దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో చిన్న షట్టరు. పోయిన ఏడు ఫొటో తీసినప్పుడు బయట ఇంజన్లు వరసగా ఉండేవి. ఇప్పుడు మూడు స్ప్రేయర్లు, ఒక గడ్డి మిషను ఉన్నాయి. ఎందుకు తగ్గాయో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. తిరిగి తిట్టడానికి ఆటోలో దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను.

ఆయన కూడా డ్రమ్ములో పెట్టి, సీసా వేలాడదీసి నడిపాడు. మొదటి లాగుకే అందుకుంది. టీ తాగడం అయ్యేదాకా నడిపి ఆపాడు.

"అక్కా, నా తాన ఆగదు. పోయినసారీ ఆగలే. నీ షాపుల కూడ ఆగలే అంటున్నవ్. నీళ్ళల్లనే ఆగుతది. ఈడ లేంది, ఆడ ఉన్నది ఏందో జర సోచాయించు" అన్నాడు.

ఏముందని అడిగాను.

"ట్యాంకు. గది నా తానకు ఎన్నడన్న తెచ్చినవా?"

డబ్బాకు రిపేరు ఏముంటుందన్నాను. ఆయన నవ్వలేదు.

"మూత తీసి నడిపి చూడు. నడిస్తే నాకు ఫోన్ చెయ్యకు. ఫొటో పెట్టిన కాడనే చెప్పు."

ఇంజను ఆటోలోకి ఎక్కించడానికి కూడా సాయం పట్టాడు. నాకు ఆయన మీద ఇంకా కోపంగానే ఉంది. మర్యాదగా ఉండేవాళ్ళందరి మీదా నాకు కోపమే.

మే 30, శుక్రవారం

చూడలేదు. షాపులో పని ఎక్కువగా ఉంది. రెండు మిక్సీలు, ఒక కూలరు మోటారు.

కూలరు మోటారు రేపు చేసినా సరిపోయేది.

మే 31, శనివారం

పొద్దున్నే గుడికి పోయాను. సింధూరం తెచ్చాను. స్నానం చేసి ట్యాంకు ముందు కూర్చున్నాను. ఉంగరం వేలితో సింధూరం తీసి గుంటలో పెట్టబోయి ఆగిపోయాను. అది గుంటలాగా లేదు. మూత కంటే ఎత్తుగా, గట్టిగా, చిన్న శనగ గింజంత పెరిగి ఉంది. మూడేళ్ళ బొట్లు. పైన ఎర్రగా, మధ్యలో నారింజ, అడుగున నల్లగా.

ఆ మూత జనరేటరుది. జనరేటరు మూతకు నడిమధ్యన సూదిమొనంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగేకొద్దీ పైనుంచి ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే పెట్రోలు దిగదు, పైపు అతుక్కుపోతుంది, ఇంజను ఆగుతుంది. మూత ఒకసారి తీసి పెడితే లోపలికి గాలి పోతుంది కాబట్టి కాసేపు నడుస్తుంది. ఈ సంగతి చంపాపేట్ రోడ్డు మొత్తం మీద నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. పోయిన నెలలోనే ఒక ఫంక్షను హాలు కుర్రాణ్ణి, మూత రంధ్రంలో దుమ్ము పేరుకుంటే చూసుకోవద్దా అని కసిరాను.

వైండింగు తీగ తెచ్చి పొడిచాను. బొట్టు పెచ్చు ఊడి ఒళ్ళో పడింది. చెరువు దగ్గర్నుంచి తెచ్చాక వంపెయ్యని పెట్రోలు కొంచెం లోపల ఉండిపోయింది. సుయ్‌మని చప్పుడు వచ్చింది. ట్యాంకు గాలి పీల్చుకుంది.

గాలి కొడుకు పేరు చెప్పి గాలి రాకుండా చేసింది నేనే.

జూన్ 1, ఆదివారం

ఒక్క పెచ్చు ఊడితే రుజువైపోయినట్టా? చెరువుకు పోయాను. రంధ్రం తెరిచి నడిపాను. గంట నడిచింది. ఆపి, రంధ్రంలో సింధూరం దట్టించి నడిపాను. ఆరు నిమిషాలకు ఆగింది. తీశాను, నడిచింది. పెట్టాను, ఆగింది. మూడుసార్లు చేశాను. మహిపాల్ గట్టు మీద కూర్చుని చూశాడు. మూడోసారి ఆగినప్పుడు లేచి వచ్చి, "ఇగ చాలు తియ్" అని నా చేతిలోంచి సింధూరం ఆకు తీసుకున్నాడు.

ఇంటికి వచ్చాక బాగా ఏడ్చాను. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఈ డైరీ ఎందుకు?

జూన్ 2, సోమవారం

మూతకు రంధ్రం ఉంది. మూతకు రంధ్రం ఉంది. మూతకు రంధ్రం ఉంది.

జూన్ 4, బుధవారం

ఎవరికి తెలుసు? నాకు, మహిపాల్‌కి. తిరుపతికి అనుమానమే కానీ చూడలేదు కదా. ఇంజను బాగైంది. ఆదివారం ఒక్క లాగుకు స్టార్టవుతుంది. పడవ మన గల్లీకి దక్కుతుంది. కావలసింది అదే. ఇప్పుడు నేను నోరు తెరిస్తే పూలమ్మత్తకు చెయ్యి వస్తుందా? పైగా సింధూరం మొదట తెచ్చింది ఆమే. ఆ మాట ఆమె చెవిన పడితే ఇంకా కుంగిపోతుంది. ఆమె కోసమైనా చెప్పకూడదు.

ఇంత చక్కటి కారణం ఎంత తొందరగా దొరికిందో. నా మీద నాకు అసహ్యం వేసింది.

తుడవకూడదని అత్త చెప్పింది, నిజమే. రంధ్రం మీద పెట్టమని చెప్పలేదు. అది నా వేలు.

జూన్ 7, శనివారం

గుడికి పోయాను. దండం పెట్టుకుని ఉత్త చేతులతో వచ్చాను. దేవుడి మీద అలక ఏం లేదు. ఆయన మొదటి నుంచి ఆరు నిమిషాలకు ఒకసారి చెబుతూనే ఉన్నాడు.

జూన్ 8, ఆదివారం

ఒక్క లాగు.

చెరువు గట్టు మీద యాభై మంది దాకా ఉన్నారు. కాలనీకి జాతర వచ్చినట్టుంది. జోగారావు గారు ఫోన్‌లో టైము పెట్టారు. ఇంజను మొదటి లాగుకే అందుకుంది. పది కాదు, ఇరవై ఐదు నిమిషాలు చెరువంతా తిప్పి ఒడ్డుకు తెచ్చాను. మా గల్లీవాళ్ళు ఈలలు వేశారు. జోగారావు గారు నాకు శాలువా కప్పారు. శాలువా ముందే తెచ్చారంటే నేను గెలుస్తానని అనుకున్నారన్నమాట. అందుకు ఆయన మీద కొంచెం ఇష్టం కలిగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆయన మైకు తీసుకున్నారు. ఒక ఆడకూతురు చేసిన పని ఆ దిల్‌సుఖ్‌నగర్ మెకానిక్కు చేయలేకపోయాడని, అలాంటి మోసగాళ్ళ పేర్లు బోర్డు మీద రాసి పెట్టాలని, పక్క కాలనీలకు కూడా చెప్పాలని అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. రాణి కూడా కొట్టింది.

మైకు అడిగి తీసుకున్నాను. 

"తిరుపతి ఏం తప్పు చెయ్యలే. ఇంజనుల ఏం లేకుండె. ట్యాంకు మూత తూటు నేనే మూసిన. బొట్టు పెట్టి పెట్టి మూసిన. పూలమ్మత్తను తీస్కపోయిన నాడు పడవ ఆగింది నా వల్లనే. ఆయన మీద ఫొటో పెట్టింది కూడ నేనే. గది అబద్ధం" అన్నాను.

మూత పైకెత్తి చూపించాను. రంధ్రంలోంచి తీగ దూర్చి అవతలికి తీసి చూపించాను. చెప్పింది అర్థం కాలేదని ఎవరూ అనకూడదు కదా. రాణి లేచి వెళ్ళిపోయింది.

జోగారావు గారు శాలువా వైపు చూసి, నేల వైపు చూసి, పడవ అమ్మబోమన్నారు. అయితే నడిపే బాధ్యత వేరేవాళ్ళకు ఇద్దామన్నారు. "మీ మంచికే చెబుతున్నానమ్మా. ఇంత జరిగాక మీ చేతిలో పడవ పెడితే జనం ఏమనుకుంటారు? మీరే ఆలోచించండి."

ఆలోచించడానికి ఏమీ లేదు. "ఈ ఇంజను ఎందుకు ఆగుతదో కాలనీల నాకొక్కదానికే ఎరుక సార్. ఎందుకు ఎరుకనో కూడ ఇప్పుడే చెప్పిన. నడిపేది నేనే" అన్నాను.

ట్యాంకు చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చాను. మూత జేబులో వేసుకున్నాను. శాలువా మహిపాల్ మడిచి పట్టుకుని వెనకాల వచ్చాడు.

జూన్ 9, సోమవారం

గ్రూపులో పెట్టాను. పోయిన ఏడు పెట్టిన ఫొటోనే మళ్ళీ పెట్టి, కింద నిజం రాశాను. నాలుగు కాలనీల గ్రూపులకూ, విడిగా తిరుపతికీ పంపించాను. తిట్లు చాలా వచ్చాయి. మూఢనమ్మకాలని ఒకాయన, దేవుణ్ణి తప్పు పడతావా అని ఇంకొకాయన. ఇద్దరికీ ఒకటే జవాబు రాశాను: తప్పు రంధ్రం చూసుకోని మెకానిక్కుది.

తిరుపతి నుంచి ఏ మెసేజీ లేదు. సాయంత్రం చూస్తే రెండు నీలం గీతలు పడి ఉన్నాయి. చదివాడు. నాకు అది చాలు. ఆయనకు చాలకపోవచ్చు.

జోగారావు గారు ఈసారి చేతులు జోడించలేదు. పడవ గది తాళంచెవి మా ఇంటికి పంపించారు. చీటీ ఏమీ లేదు.

జూన్ 10, మంగళవారం

పొద్దున్న షాపు తెరవకముందే రాణి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను ఏదో మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మాఫీ గీఫీ నాకు చెప్పకు అక్కా. నేనేం మాఫ్ చెయ్యలే. చేస్తనో లేదో కూడ ఎరుక లేదు. నాకు ఇంజను నేర్పు. మళ్ళ ఎన్నడన్న ఆగితే నిన్ను చూస్కుంట కూసోను. ఎందుకాగిందో నాక్కూడ తెల్వాలె" అంది.

మధ్యాహ్నం షట్టరు దించి, ఇంజనూ ట్యాంకూ వాళ్ళింటి ముందుకే తీసుకెళ్ళాను. డ్రమ్ములో నీళ్ళు నింపాం. పూలమ్మత్తను కుర్చీలో గడప దగ్గర కూర్చోబెట్టారు. అన్నిటికంటే ముందు మూత రాణి చేతికిచ్చి, వెలుతురుకు ఎత్తి చూడమన్నాను. రంధ్రంలోంచి ఆకాశం కనబడాలి, కనబడితేనే బిగించాలి అన్నాను. చూసింది. బిగించింది. తాడు లాగడం రాలేదు. భుజంతో లాగుతోంది, నడుముతో లాగాలి. పదకొండోసారికి ఇంజను అందుకుంది. ఆ అమ్మాయి నవ్వలేదు కానీ పళ్ళు బిగించిన మొహం కాస్త వదులైంది.

ఇంజను నడుస్తుండగానే అత్త పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఎవరో చెప్పేలోపు నేనే చెప్పాలి. ఆమె తెచ్చిన సింధూరం సంగతి దాచలేదు, నా వేలి సంగతి కూడా దాచలేదు. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. కుడి కంట్లోంచి నీళ్ళు కారాయి. ఆ కన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కాబట్టి అది ఏడుపో కాదో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం లేదు.

తర్వాత ఎడమ చేత్తో కొంగు ముడి విప్పుకోవడం మొదలుపెట్టింది. రాణి సాయం చేయబోతే చెయ్యి తోసేసింది. లోపల ఆకులో సింధూరం ఉంది. ఈ రోజు మంగళవారం కదా, అవతలి పక్కింటావిడ చేత తెప్పించుకుందట. వేలితో తీసింది. ట్యాంకు వైపు చెయ్యి పోయింది. మూత దగ్గర వేలు ఆగింది. అక్కడి నుంచి మెల్లగా వెనక్కి తీసుకుని, నా నుదుటి మీద పెట్టింది. బొట్టు ఒక పక్కకు జారింది.

"గీడ... తూటు... లేదు" అంది.

ఇంజను ముప్పై నిమిషాలు నడిచింది. రాణి ఆపితేనే ఆగింది.